బిడ్డ రీలు

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన మరుసటి ఏడు, శివరాత్రి ఇంకా రాకముందే, మా బెజవాడ బ్రాంచి నన్ను గిద్దలూరు క్యాంపుకు వేసింది. అప్పట్లో గిద్దలూరు, కంభం, మార్కాపురం అన్నీ కర్నూలు జిల్లాలో ఉండేవి. సినిమా వ్యాపారం లెక్కలో సీడెడ్, అంటే రాయలసీమ, కింద వచ్చేవి. మా మేనేజరు ఆర్డరు చేతికిస్తూ, పెట్టె జాగ్రత్త, ఒళ్ళు జాగ్రత్త అన్నాడు. ఆ వరుసలోనే అన్నాడు.

ఫిలిం రిప్రజెంటేటివ్ అంటే ఏమిటో ఇప్పటివాళ్ళకు కాస్త చెప్పాలి. సినిమా తీసేవాడు నిర్మాత. దాన్ని ఊళ్ళకు పంపేవాడు డిస్ట్రిబ్యూటరు. ఆడించేవాడు టాకీసు ఓనరు. ఈ చివరి ఇద్దరికీ ఒకరి మీద ఒకరికి నమ్మకం తక్కువ కాబట్టి మధ్యలో మేము. ప్రింటు పెట్టెతో పాటు రైలెక్కడం, దిగడం, గేటు దగ్గర నిలబడి టికెట్ ముక్కలు చూడడం, రోజూ బ్రాంచికి రిపోర్టు పోస్టు చెయ్యడం, పెట్టె పక్కనే పడుకోవడం మా పని. హోదాలో బుకింగ్ క్లర్కుకు కొంచెం పైన, మేనేజరుకు చాలా కింద. టాకీసువాళ్ళకు మేం కొత్తల్లుళ్ళ లాంటివాళ్ళం. కాఫీ వేడిగా ఉందా అని అడుగుతారు, వీడెప్పుడు పోతాడ్రా బాబూ అని లోపల అనుకుంటారు.

ఆ క్యాంపులో నాకు ఇంకో పని కూడా అప్పజెప్పారు. చూసినవాళ్ళ అభిప్రాయాలు సేకరించి పంపాలి. దానికి కారణం ఆ సినిమా రెండో భాగం కావడం.

మొదటి భాగం మద్రాసులో తీసిన అరవ బొమ్మ. మా వైపు పోస్టర్ల మీద ‘కాటుకకోన’ అని పేరు వేసుకున్నాం. దయ్యం కథ. కోనలో పాడుబడ్డ మేడ, అందులో నల్లచీర కట్టుకుని తిరిగే ఆడదయ్యం, పొగమంచు, కేకలు. బెజవాడలో వారం ఆడింది. గుంటూరులో అదీ ఆడలేదు. కానీ ఈ గిద్దలూరు, కంభం, మార్కాపురం వైపు మాత్రం పిచ్చిగా ఆడింది. అక్కడ బొమ్మలాడించే టూరింగు టాకీసు టెంటు ఊరు మారినా జనం మళ్ళీ ఆ బొమ్మే వెయ్యమనేవారు. రాచర్ల నుంచి జీవాలు కాసుకునేవాళ్ళు మందను ఎవరికో ఒప్పజెప్పి నడిచి వచ్చేవారు. దయ్యానికి కాటుకమ్మ అని పేరు పెట్టుకున్నారు. ఎవరైనా సినిమా దయ్యానికి పేరు పెట్టి ‘అమ్మ’ చేరుస్తారా? ఇక్కడ చేర్చారు. అందుకని మా కంపెనీ, రెండో భాగాన్ని ఈసారి నిర్మాత తెలుగులోనే తీశాడు గనుక, మొట్టమొదట గిద్దలూరులోనే వెయ్యాలని నిర్ణయించింది. ఆ ప్రాంతం జనానికి దయ్యాలంటే ఇష్టం అని మా మేనేజరు తేల్చేశాడు.

టెంటు ఓనరు బాలమ్మ. భర్త పోయాక లైసెన్సు తన పేరుకు మార్పించుకుని, టెంటు, మెషీను, ఆయిల్ ఇంజను, మనుషులు, అన్నీ తనే నడిపించేది. టికెట్ల కిటికీ దగ్గర కూర్చుంటే లేచేది కాదు. మాట కరుకు. నేను దిగిన రోజునే సంగతి మొహం మీద చెప్పింది.

“సారూ, ఈ బొమ్మ నిలబడితే కొత్త బొమ్మలు నాకు నేరుగా ఇస్తామని మీ కంపెనీ మాటిచ్చింది. నిలబడలేదా, పాత గీతలు పడిన ప్రింట్లే ఇస్తారంట. వాటిని ఎవరు చూస్తారు? గుడ్డ మడిచి చంద్రశేఖరపురంలో మా తమ్ముని ఇంటికి పోయి పొయ్యి ముందర కూచోవాల. ఆయన పోయినాక నన్ను మనిషిగా నిలబెట్టింది ఈ టెంటే. నాకు ఆ పొయ్యి వద్దు సారూ.”

కంపెనీ మాట నిజమే. ఆమె భయమూ నిజమే. నేను కాఫీ తాగాను.

మొదటి ఆట చీకటి పడగానే మొదలయింది. టెంటు నిండి, గుడ్డ అంచులు ఎత్తి మరీ జనం కూర్చున్నారు. ఒకవైపు మగవాళ్ళు, పరదా అవతల ఆడవాళ్ళు. మెషీను ఒక్కటే కాబట్టి రీలు అయిపోగానే లైట్లు వేసి, ఆపరేటరు ఖాదర్ సాహెబు తర్వాతి రీలు ఎక్కించేవాడు. ఆ సందులో సోడాలు, మరమరాలు. టూరింగు టాకీసుల్లో సినిమా అంటే సగం ఆ సందులే.

దయ్యం మొదటిసారి తెర మీదికి రాగానే ఎవరూ అరవలేదు. ఆడవాళ్ళ వైపు నుంచి “వచ్చింది తల్లి” అని ఒక గొంతు వినపడింది. పుట్టింటికి వచ్చిన ఆడపడుచును చూసినట్టే అన్నది ఆమె. నాకు విచిత్రంగా అనిపించింది. అంతకుముందు తెర కట్టిన వెదురుబొంగుకు ఎవరో పసిబిడ్డల దిష్టిపూసలు కట్టి ఉండడం కూడా చూశాను. ఏదో మొక్కుబడి అనుకుని ఊరుకున్నాను.

రీలు మీద రీలు పోతున్నకొద్దీ గుసగుసలు పెరిగాయి. ఎవరి కోసమో ఎదురు చూస్తున్నట్టు మెడలు సాచి చూస్తున్నారు. చివరికి హీరో దయ్యాన్ని పట్టుకుని ముసుగు లాగుతాడు. లోపల ఉన్నది మేడ కింద పాతిపెట్టిన నిధి కోసం వేషం వేసిన దివాను. శుభం కార్డు పడింది. లైట్లు వేశారు. ఒక్కరూ లేవలేదు.

“ఇంకో రీలు ఎక్కించు మామా!” అని ఖాదర్‌ను కేకేశారు.

అయిపోయిందయ్యా అన్నాడు ఖాదర్.

“అయిపోవడమేంది? బిడ్డ యాడ?”

ఆ మాట మగవాళ్ళ వైపు నుంచి ఆడవాళ్ళ వైపుకు పాకింది. బిడ్డ యాడ, బిడ్డ యాడ అని టెంటు మొత్తం ఒకటే గోల. ఏ బిడ్డ? సినిమాలో బిడ్డ ఎక్కడుంది? చివరికి బందోబస్తుకు వచ్చిన కానిస్టేబులు నచ్చజెప్పి పంపించాడు. పోతూ పోతూ ఆయన కూడా నా దగ్గర ఆగి, “డ్యూటీలో ఉన్నా గాబట్టి నోరెత్తలేదు సార్. మీరన్నా చెప్పండి, బిడ్డ ఏమైనట్టు?” అన్నాడు.

మర్నాడు అభిప్రాయాల సేకరణకు బయలుదేరాను. టీ హోటల్లో, రైల్వే స్టేషనులో, బావి దగ్గర, సంతలో అడిగాను. ఇరవై ఏళ్ళ పైన ఆ ఉద్యోగం చేశాను గానీ, అందరూ ఒకే మాట చెప్పడం అంతకుముందూ వినలేదు, ఆ తర్వాతా వినలేదు. రాచర్ల నుంచి వచ్చిన పెద్ద నాగన్న అనే గొర్రెల కాపరి, “దయ్యం బాగనే ఉంది సామీ, కేకలూ బాగున్నాయి. బిడ్డ సంగతి ఎత్తనే లేదు, అదేం బొమ్మ?” అన్నాడు. స్కూలు మాస్టారు గ్రాంథికంలో మాట్లాడతారు. ఛాయాగ్రహణం ప్రశంసనీయమే గానీ శిశువు విషయమై నిర్మాత ఉపేక్ష వహించెనని ఆక్షేపించారు. స్టేషనులో గూడ్సు గుమాస్తా తనకు సంగీతం నచ్చిందన్నాడు. హమ్మయ్య, ఒక్కడు దొరికాడనుకుని రాసుకోబోయాను. “బిడ్డ ఏడుపు మాత్రం పెట్టాల్సింది సార్, మొదటి దాంట్లో దానికే గదా గుండె కరిగింది” అని తగిలించాడు.

నేను మొదటి భాగాన్ని మద్రాసులో వ్యాపారస్తుల కోసం వేసిన ఆటలో చూశాను. అందులో బిడ్డా లేదు, ఏడుపూ లేదు. ఆ దయ్యం నిధికి కాపలా కాసే జమీందారు భార్య. అంతే.

సాయంత్రానికి ఊళ్ళో పుకారు పుట్టింది. బిడ్డ కనపడే రీలును బాలమ్మ దాచేసిందట. మూడో భాగం అని చెప్పి మళ్ళీ టికెట్లు అమ్ముకోవడానికట. ‘బిడ్డ రీలు’ అని దానికి పేరు కూడా పెట్టేశారు. టూరింగువాళ్ళు ఆలస్యమైతే ఒకటో రెండో రీళ్ళు ఎగరగొట్టడం ఉన్నదే కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. రెండో రోజు ఆటకు సగం టెంటు ఖాళీ. మిగతావాళ్ళు బయట నిలబడి, లోపల్నుంచి వచ్చేవాళ్ళను “బిడ్డ వచ్చిందా?” అని అడిగారు. రాలేదు అనగానే ఇళ్ళకు పోయారు.

నా ఒళ్ళు మండింది. మర్నాడు పొద్దున పెద్దమనుషులను పిలిచి, ఖాదర్ చేత పెట్టె తెరిపించాను. సెన్సారు సర్టిఫికెట్టు మీద ఎన్ని రీళ్ళని ఉందో, పెట్టెలో ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి చూపించాను. సరిపోయాయి. నాగన్న ఒక రీలు చివర పట్టుకుని ఎండకేసి పెట్టి, ఒక్కో బొమ్మే కళ్ళు చికిలించి చూడసాగాడు. ఆ రోజుల్లో ఫిలిం అంటే అగ్గిపుల్ల చాలు, పెట్టెతో సహా బూడిదవుతుంది. నాగన్న నోట్లో బీడీ ఉంది.

బీడీ లాక్కుని రీలు లాక్కున్నాను. “ఇందులో లేదు సామీ” అన్నాడు తీరిగ్గా. “ఇంకోదాంట్లో ఉంటది.”

పెద్దమనుషులు తలలూపి పోయారు గానీ నమ్మలేదు. రాత్రి వసూళ్ళు తంతిలో తెలియజేశాను కాబట్టి అదే రోజు మేనేజరు దగ్గర్నుంచి టెలిగ్రాం వచ్చింది. శనివారం దాకా చూసి, జనం రాకపోతే పెట్టె నంద్యాలకు ఎత్తేయమని. అప్పటికి బుధవారం. ఆ కాగితం బాలమ్మకు చదివి వినిపించాను. ఆమె ఏడవలేదు. టికెట్ల కిటికీ మూసి, టెంటు గుడ్డ మీద చెయ్యి వేసి కాసేపు నిలబడింది. నాకు చాలా కష్టంగా అనిపించింది. ఆ ఉద్యోగంలో ఓనర్ల మీద జాలిపడకూడదు, పడితే రిపోర్టు పాడవుతుంది. కానీ పడ్డాను.

ముడి విప్పింది మరియమ్మ. కూలికి పోయే మనిషి, పల్లెలో క్రైస్తవుల గుడి పక్కనే ఆమె ఇల్లు. టెంటు ముందు నీళ్ళు చల్లి ఊడ్చే పని కూడా చేసేది. మర్నాడు పొద్దున ఆమె ఊడుస్తుంటే, విసుగుపుట్టి, అమ్మా, మొదటి భాగంలో బిడ్డ ఎక్కడుందో ఒక్కసారి చెప్పు అన్నాను. చీపురు పక్కన పెట్టి చెప్పింది.

“కాటుకమ్మ మనలాంటి కూలిమనిషే గదా సారూ. కరువులో మేడలోకి పనికి పోయింది. ఆకలికి పానం పోయింది. ఉయ్యాల్లో బిడ్డ ఉండిపోయినాడు. ఆమె చచ్చి కూడా పోలేక బిడ్డను వెతుక్కుంటూ తిరుగుతాది. మేం అందరం ఏడ్చినాం. ఆ బిడ్డ కోసం గుళ్ళో ప్రార్థన చేద్దామంటే, దయ్యం బిడ్డకు చెయ్యకూడదని పాస్టరయ్య అన్నాడు. తల్లి దయ్యం గానీ బిడ్డ కాదు గదా అయ్యా అని చెప్పి మేమే చేసుకున్నాం.”

ఇదంతా నీకెవరు చెప్పారు, అది అరవ సినిమా కదా, అరవం నీకు వచ్చా అని అడిగాను.

మరియమ్మ నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూసింది. “అరవమేంది సారూ? అది తెలుగు బొమ్మే. బిడ్డ ఏడుపు నా చెవులారా విన్నా.”

వెనక నుంచి ఖాదర్ సాహెబు ‘యా అల్లా’ అని తల పట్టుకున్నాడు. “యాకోబు!” అన్నాడు. “వాడే సారూ. ఆ అరవ బొమ్మకు కథ చెప్పింది యాకోబు.”

దీన్ని కొంచెం వివరించాలి. మూకీల కాలం నుంచీ తెర పక్కన ఒక మనిషి కర్ర పట్టుకుని నిలబడి కథ చెప్పే వాడుక ఉండేది. టాకీలు వచ్చాక కూడా, తెలుగు కాని సినిమా వస్తే, ఆపరేటరు సౌండు తగ్గించేవాడు, కథ చెప్పేవాడు తెలుగులో చెప్పేవాడు. యాకోబు చిన్నప్పటి నుంచీ పల్లెల్లో క్రైస్తవ మిషను వాళ్ళు లాంతరుతో గుడ్డ మీద వేసే బొమ్మలకు కథ చెప్పి పేరు తెచ్చుకున్నాడు. తర్వాత బాలమ్మ టెంటులో చేరాడు. తెలుగు బొమ్మలు వరసగా రావడం మొదలయ్యాక ఇక కథ చెప్పేవాడు ఎందుకని బాలమ్మే అతన్ని మాన్పించింది. ఖాదర్‌కు ఆపరేటరు గదిలో మెషీను మోత, ఇంజను మోత. అతను ఏం చెప్పేవాడో వినపడదు. బాలమ్మ కిటికీ వదిలి రాదు. అరవంలో ఏముందో అదే చెబుతున్నాడని ఇద్దరూ అనుకున్నారు. చూసేవాళ్ళకు అతని గొంతే బొమ్మ గొంతు. మా కంపెనీ పంపింది ఒక సినిమా, ఈ తాలూకాల్లో ఆడింది ఇంకోటి. మేం తీసుకొచ్చిన రెండో భాగం, వీళ్ళు చూడని మొదటి భాగానికి!

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. బాలమ్మ మాత్రం చెప్పులు వేసుకుంది. “పదండి సారూ, మార్కాపురం పోదాం. పలకల గనిలో ఉన్నాడు.”

రైలు దిగి జట్కాలో గని దాకా పోయాం. యాకోబు పలకరాయి చీలుస్తున్నాడు. నలభై దాటిన మనిషి, సన్నగా, ఒళ్ళంతా బూడిదరంగు దుమ్ము. గొంతు మాత్రం ఆ ఒంట్లోంచి వచ్చేది కాదు అనిపించింది. అణకువ గిణకువ లేని మనిషి. మేం వచ్చిన పని వినగానే నవ్వాడు.

“నోరుండే బొమ్మలొచ్చినాయి, నీ నోరెందుకు అన్నావు గదక్కా?”

“అన్నా. తప్పే. తిట్టాలంటే తిట్టు, తిట్టి రా” అంది బాలమ్మ.

అరవ కథలో లేని బిడ్డను ఎందుకు పెట్టావయ్యా అని నేను కొంచెం గట్టిగానే అడిగాను. అతను ఉలి కింద పెట్టాడు.

“మూడో రీల్లో ఉయ్యాల ఒకటి ఊగుతాది సారూ, గుర్తుందా? ఊరికే భయపెట్టనీకి పెట్టినారు. లోపల ఎవరూ లేరు. మొదటి ఆట నాడు అది ఊగుతాంటే జనం నా తట్టు చూసినారు, ఎవరున్నారని. ముందర కూచున్న ఆడోళ్ళలో ఎవరి ఇంట్లో ఉయ్యాల ఖాళీ అయిందో నాకు తెలుసు. ఖాళీ ఉయ్యాల అని చెప్పనీకి నోరు రాలేదు. బిడ్డ ఉన్నాడు అని చెప్పినా. ఉన్నాడన్నాక ఏడ్పించాల. ఏడ్చినాక తల్లి వెతకాల. అట్ల పోయింది కథ.”

కంపెనీ మనిషిగా కోప్పడాలి. కోపం రాలేదు.

రోజు కూలి ఎంత, క్యాంపు భత్యం ఎంత అని బాలమ్మ మొదలుపెట్టబోయింది. అతను చెయ్యి అడ్డం పెట్టాడు. “అది తర్వాత. బిడ్డ దొరుకుతాడని చివర్లో మాటిచ్చినాను నేను. మీ బొమ్మలో దొరికించే దారి ఉందో లేదో ముందు చూడనీ. లేకపోతే ఎంతిచ్చినా రాను.”

ఆ సాయంత్రమే గిద్దలూరు టెంటులో కూర్చుని చూశాడు. వేళ్ళ మీద లెక్కపెట్టేంత మందే జనం. యాకోబు తెర పక్కన, తను వెనకటికి నిలబడే చోటే గొంతుక్కూర్చుని, ఒక్కమాట మాట్లాడకుండా చూశాడు. దివాను ముసుగు ఊడగానే ఉమ్మేసి వచ్చాడు. రెండో భాగం మీద నేను విన్న అభిప్రాయాలన్నిటిలో అతనిదే ఘాటైనది.

“దయ్యం లేదని చెప్పనీకి ఇంత ఖర్చు పెట్టి తీసినారా సారూ? దయ్యం లేదని మా మేకకు కూడా తెలుసు. జనం దయ్యం కోసమా వచ్చింది?”

బాలమ్మ మొహం వాడిపోయింది. అయితే దారి లేదా అన్నాను. యాకోబు గెడ్డం గోక్కున్నాడు.

“ఐదో రీల్లో ఆ హీరో పిల్లోడు మేడ దగ్గరికొస్తే తలుపు దానంతట అదే తెరుచుకుంటాది. తీసిందెవరు?”

వేషం వేసిన దివానే అయ్యుంటాడని అన్నాను.

“దివాను అప్పుడు ఊర్లో పంచాయితీలో కూచొని ఉన్నాడు గదా. ఆ తలుపుకు ముందర సీనే అది.”

ఆలోచించాను. నిజమే. అది తీసినవాళ్ళ పొరపాటు. ఎవరూ గమనించకుండా ఎడిటింగులో మిగిలిపోయింది. మద్రాసులో, బెజవాడలో కంపెనీవాళ్ళు అంతమంది చూశారు, నేనూ చూశాను, ఒక్కరికీ తట్టలేదు. పొరపాటు అని ఒప్పుకున్నాను.

“పొరపాటు మీకు. నాకు కాదు” అన్నాడు యాకోబు. “ఆ పిల్లోడు తల్లీదండ్రీ లేనోడని మొదటి రీల్లో ఒక ముక్క అన్నారు. మళ్ళ దాని ఊసే ఎత్తలేదు. ఎత్తకపోవడమే మంచిదైంది. దొంగ దయ్యం ఊర్లో ఉన్నప్పుడు, ఆ పిల్లోనికి తలుపు తీసిందెవరు సారూ?”

దయ్యం సినిమా చూసి నేను భయపడలేదు గానీ, ఆ మాటకు చేతుల మీద రోమాలు లేచాయి.

ఇక మిగిలింది రూలు. ప్రింటు మీద కత్తెర పడకూడదు, ముక్క అతకకూడదు, సౌండు తగ్గించకూడదు అని అగ్రిమెంటు. తెలుగు సినిమా నడుస్తుండగా పక్కనుంచి మాట్లాడితే కంపెనీ ఒప్పుకోదు, నేనూ ఒప్పుకోను. కానీ రీలుకూ రీలుకూ మధ్య సందు ఉంది కదా? ఆ సందు ఓనరుది. అందులో సోడాలు అమ్ముకుంటారో, కథ చెప్పుకుంటారో కంపెనీకి సంబంధం లేదు. ఈ వాదన నాకు నేనే చెప్పుకుని, నాకు నేనే ఒప్పుకుని, సరే అన్నాను. మేనేజరుకు ముందుగా రాయలేదు. ఇది టెలిగ్రాంలో పట్టే సంగతి కాదు, ఉత్తరం రాస్తే జవాబు వచ్చేలోపు శనివారం దాటిపోతుంది.

శుక్రవారం పొద్దున్నే బండి కట్టి, డప్పు కొట్టిస్తూ చుట్టుపక్కల పల్లెలకు పంపాం. కాటుకమ్మ బిడ్డ దొరికినాడహో, ఈ సాయంత్రం యాకోబు చూపిస్తాడహో అని దండోరా. నాకు లోపల పీకుతూనే ఉంది. ఇది జనాన్ని మోసం చెయ్యడమా, కాదా? యాకోబును అడిగితే, “మోసమైతే వాళ్ళే చెప్తారులే సారూ, వాళ్ళకు నోళ్ళు లేవా?” అన్నాడు.

చీకటి పడేసరికి మొదటి రోజు కన్నా ఎక్కువ జనం. మొదటి రీలు అయ్యింది, లైట్లు వెలిగాయి. యాకోబు తెల్లచొక్కా వేసుకుని తెర ముందుకు వచ్చాడు. ఈలలు, కేకలు. కర్ర ఎత్తగానే నిశ్శబ్దం. అంత గొంతు పెట్టుకుని మెల్లగా ఒక్కమాటే అడిగాడు. “ఆ పిల్లోడు ఎవరి కొడుకు?” ఎవరూ చెప్పలేదు. “ఎవరి కొడుకో వానికే తెలీదు. చూడండి మరి” అని పక్కకు పోయాడు.

రెండో సందులో, అప్పుడే రీల్లో చూసిన దొంగ దయ్యాన్ని గుర్తుచేసి, ఈ కేక మన కాటుకమ్మదేనా అని అడిగాడు. కాదని ఆడవాళ్ళు ముక్తకంఠంతో చెప్పారు. మూడో సందులో, నాలుగో సందులో కూడా అడగడమే, చెప్పడం లేదు. నాకు ఆదుర్దా. చెప్పవయ్యా బాబూ అని గేటు దగ్గర్నుంచి సైగ చేశాను. నావైపు చూడనే లేదు.

ఐదో రీలు. తెర మీద దివాను పంచాయితీలో కూర్చుని ఉన్నాడు. తర్వాత మేడ. హీరో తలుపు ముందుకు వచ్చాడు. తలుపు తెరుచుకుంది.

“కాటుకమ్మే!” అని పరదా అవతల్నుంచి ఒక కేక. మరియమ్మ గొంతు. “బిడ్డకు తలుపు తీసింది! వాడే, వాడే బిడ్డ!”

టెంటు అంతా లేచి నిలబడింది. మగవాళ్ళు తలగుడ్డలు ఎగరేశారు. ఆడవాళ్ళు ఏడ్చారు, నవ్వారు, ఒకరినొకరు పట్టుకున్నారు. నాగన్న బెంచీ ఎక్కి “బతికినాడ్రా, బతికి ఇంతోడైనాడ్రా!” అని అరిచాడు. సినిమా నడుస్తూనే ఉంది, ఎవరికీ వినపడడం లేదు. నేను గేటు వదిలేసి లోపలికి వచ్చి చూస్తున్నాను. ఉద్యోగంలో గేటు వదలడం అదే మొదలు. ఆ తలుపు ఎడిటింగు పొరపాటని తెలిసిన నేను కూడా చప్పట్లు కొట్టాను, చెప్పుకోవడానికి సిగ్గేముంది. పక్కకు తిరిగితే బాలమ్మ. టెంటు పెట్టిన ఇన్నేళ్ళలో కిటికీ వదిలి తెర ముందుకు రావడం ఆమెకూ అదే మొదలట. పైట నోటికి అడ్డం పెట్టుకుని తెరను చూస్తోంది.

ఆ తర్వాతి రీళ్ళకు యాకోబు చెప్పాల్సింది ఏమీ మిగల్లేదు. నిధి ఎవరికి దొరికిందో ఎవరూ పట్టించుకోలేదు. దివాను ముసుగు ఊడినప్పుడు, తల్లి పేరు చెడగొట్టిన దొంగను కొడుకు పట్టుకున్నాడని చప్పట్లు కొట్టారు. శుభం పడ్డాక యాకోబు తెర ముందు నిలబడి, “ఇచ్చిన మాట తీరింది. కాటుకమ్మ ఇంక తిరగదు, పోయి పండుకోండి” అన్నాడు. పోయారు.

శనివారం పెట్టె కదల్లేదు. గిద్దలూరు నుంచి కంభం, అక్కణ్ణుంచి మార్కాపురం, యాకోబుతో సహా తిరిగింది. బెజవాడలో, నంద్యాలలో అదే రెండో భాగం పట్టుమని వారం నిలబడలేదు. మా కంపెనీ బాలమ్మకు ఇచ్చిన మాట నిలబెట్టుకుంది. కొత్త బొమ్మలు నేరుగా ఆమె టెంటుకే వచ్చాయి. అరవం, హిందీ సినిమాలు కూడా ఆమే అడిగి తెప్పించుకునేది, చెప్పడానికి మనిషి ఉన్నాడని. యాకోబు గనికి మళ్ళీ పోలేదు.

నేను అభిప్రాయాల కింద ‘బిడ్డ దొరికినందుకు ప్రేక్షకులు పూర్తిగా తృప్తి చెందారు’ అని రాసి పంపాను. ‘ఏ బిడ్డ?’ అని మేనేజరు జవాబు రాశాడు. వివరంగా చెప్పడానికి స్వయంగా బెజవాడ వెళ్ళాల్సి వచ్చింది. విన్నాక ఆయన, ఆ తలుపు సంగతి నిర్మాతకు చెప్పకు, దిద్దేస్తాడు అన్నాడు.

చూసినవాళ్ళ అభిప్రాయం అడిగేటప్పుడు, వాళ్ళు మన సినిమానే చూశారని అనుకోకూడదు. నాకు ఆ క్యాంపు నేర్పింది అంతే. తర్వాత రిటైరయ్యేదాకా ఏ ఊరికి రెండో భాగం తీసుకుపోయినా, బాగుందా లేదా అని మొదట అడగలేదు. మొదటి భాగం కథ చెప్పమని అడిగేవాణ్ణి. అది మా పెట్టెలో ఉన్న కథతో కలవకపోతే, వాళ్ళకు తప్పుగా అర్థమయిందని ఏ రిపోర్టులోనూ రాయలేదు.